పక్కన పెట్టిన సెల్‌తోనే పేచీ

కిరాణా కొట్లో రిమోట్‌కి సెల్స్ అడిగితే కొట్టాయన పెట్టెలోంచి రెండు తీసి చేతిలో పెడతాడు. కవరు ఉండదు, అట్ట ఉండదు. అవి చిల్లరతో పాటు జేబులో పడతాయి. ఇంటికొచ్చాక ఫ్రిజ్ మీదకో, టీవీ కింద సొరుగులోకో చేరతాయి. ఆ సొరుగులో అప్పటికే పాత తాళాలు, పిన్నీసులు, రబ్బరు బ్యాండ్లు, పాడైన చార్జరు, ఎప్పుడు కొన్నారో ఎవరికీ గుర్తులేని మరో నాలుగు సెల్స్ ఉంటాయి. వాటిలో ఏది కొత్తదో ఏది అయిపోయిందో తెలియాలంటే ఒక్కొక్కటీ రిమోట్‌లో వేసి నొక్కి చూడటమే.

సెల్స్ తయారుచేసే కంపెనీలు ఇచ్చే సూచనల్లో తప్పకుండా కనిపించే మాట ఒకటుంది: వాడేదాకా వాటిని సొంత ప్యాకింగ్‌లోనే ఉంచండి. సలహా మంచిదే. కానీ విడిగా రెండేసి చొప్పున కొనుక్కునేవాళ్లకి ఆ ప్యాకింగే చేతికి రాదు. కాబట్టి ఆ అట్టముక్క, ఆ ప్లాస్టిక్ బుడిపెలు చేసే పనేమిటో తెలుసుకుంటే, అదే పని ఇంట్లో ఉన్నవాటితో చేయించుకోవచ్చు.

పరికరంలో ఉన్న సెల్‌కి ఒక గూడు ఉంటుంది. ప్లస్ ఒక కొసన, మైనస్ ఇంకో కొసన, చుట్టూ ప్లాస్టిక్. కరెంటు పారాలంటే బల్బు గుండానో మోటారు గుండానో వెళ్లాలి, అవి తమకు కావలసినంతే తీసుకుంటాయి. బయట ఉన్న సెల్‌కి ఈ అడ్డు లేదు. ఏ తాళం చెవో, రూపాయి బిళ్లో రెండు కొసల్నీ కలిపిందంటే, సెల్ ఎంత ఇవ్వగలిగితే అంతా దాని గుండా పోతుంది. దీన్నే షార్ట్ అవడం అంటాం. అందుకే రిమోట్‌లో కుదురుగా ఉన్న సెల్ గురించి కన్నా, సొరుగులో దొర్లుతున్న దాని గురించే ఆలోచించాలి.

ఇక్కడ సెల్‌లో ఎంత శక్తి దాగి ఉందన్నదాని కంటే, ఎంత వేగంగా బయటికి వస్తుందన్నది ముఖ్యం. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో దాదాపు 3 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అని రాసి ఉండే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ సెల్‌లో లెక్క వేస్తే 2.4 మాత్రమే. అంటే రీచార్జబుల్‌దే తక్కువ. కానీ దాని లోపలి నిరోధం మరీ తక్కువ కావడం వల్ల, షార్ట్ అయితే పదుల ఆంపియర్ల కరెంటు ఇస్తుంది. ఆల్కలైన్ కొన్ని ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. కొట్లో చవగ్గా దొరికే జింక్ కార్బన్ సెల్ అంతకన్నా బలహీనం. జేబులో చిల్లరతో కలిసినప్పుడు అన్నిటికన్నా చవకదే అన్నిటికన్నా సాధువన్నమాట. ఖరీదు పెట్టి కొన్న రీచార్జబుల్ సెల్స్‌నే విడిగా వదలకూడదు. వాటితో పాటు చిన్న ప్లాస్టిక్ కేసు ఇస్తుంటారు, చాలామంది దాన్ని మొదటిరోజే పారేస్తారు.

ఇంట్లో వాడే మామూలు బ్యాటరీల్లో మంట పుట్టించే గుణం ఎక్కువున్నది 9 వోల్టుల దానికి. మన దగ్గర మల్టీమీటర్లలో, కొన్ని కార్డ్‌లెస్ మైకుల్లో, గిటారు వాయించేవాళ్ల దగ్గర కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి ఇది ఇంకా బాగా పరిచయం. ఇంటి కప్పుకున్న స్మోక్ అలారం అర్ధరాత్రి కీచుమని మొదలుపెడితే, కుర్చీ ఎక్కి మార్చేది చాలా ఇళ్లలో ఇదే. తీసిన పాతది నేరుగా కిచెన్ సొరుగులోకి వెళుతుంది.

దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి అర్థమవుతుంది. లోపల ఒకటిన్నర వోల్టు సెల్స్ ఆరు వరసగా ఉంటాయి. పెన్సిల్ సెల్‌కి ప్లస్, మైనస్ రెండు చివర్లలో ఉంటే, దీనికి రెండూ ఒకే నెత్తి మీద, వేలెడు దూరం కూడా లేకుండా పక్కపక్కనే ఉంటాయి. ఒక పేపర్ క్లిప్ అడ్డంగా పడితే చాలు, వలయం పూర్తవుతుంది. సన్నటి ఇనప పీచును రెంటికీ తాకిస్తే పీచు ఎర్రగా మారి అంటుకుంటుంది. అడవుల్లో క్యాంపింగ్ చేసేవాళ్లు అగ్గి రాజేయడానికి వాడే చిట్కా ఇదే. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఒక గుండీ మగది, ఒకటి ఆడది కావడంతో ఇలాంటి రెండు బ్యాటరీలు ఎదురెదురుగా పెడితే ఒకదానిలో ఒకటి చక్కగా ఇమిడిపోతాయి. అలా ఇమిడిన క్షణంలోనే రెండూ కలిపి 18 వోల్టులతో షార్ట్ అవుతాయి. పొందిగ్గా సర్దుదామని అలా బిగించిపెట్టే వాళ్లుంటారు, చేతికి వేడి తగిలేదాకా తప్పు తెలియదు.

స్మోక్ అలారం "ఇక చాలదు" అని కూసినప్పుడు ఆ బ్యాటరీలో ఇంకా 7 వోల్టులకు పైనే ఉండొచ్చు. అలారానికి అది చాలదేమో, పేపర్ క్లిప్పును వేడెక్కించడానికి మాత్రం చాలు. కాబట్టి కొత్తదైనా పాతదైనా, నెత్తి మీద టేపు ముక్క అతికించి పక్కన పెట్టాలి. ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల ఇన్సులేషన్ టేపు అన్నిటికన్నా మేలు. సెల్లోటేపు కూడా పనిచేస్తుంది. అల్యూమినియం ఫాయిల్ టేపు మాత్రం వద్దు, అదే షార్ట్ చేస్తుంది.

ఇక మన ఇళ్లలో ఉన్న అలవాటు స్టీలు డబ్బా. పోపుల నుంచి పిన్నీసుల దాకా అన్నిటికీ డబ్బాలుండే ఇంట్లో సెల్స్‌కీ ఒకటి కేటాయించడం సహజం. పండగకొచ్చిన బిస్కట్ల రేకు డబ్బా ఖాళీ అయితే మరీ అనువు. సెల్స్ విడివిడిగా పోసి పెట్టడానికి అంతకన్నా తప్పుడు పాత్ర ఇంకోటి లేదు, ఆ డబ్బా గోడే కరెంటు పారే దారి కాబట్టి. ఐస్‌క్రీమ్ వచ్చిన ప్లాస్టిక్ డబ్బా, మందుల సీసా, జిప్ కవరు ఏదైనా నయం. ప్లాస్టిక్ డబ్బాలోనూ సెల్స్ గుట్టగా పోయకుండా ఒకే దిక్కుగా పేర్చి, ఒక్కో జతకీ రబ్బరు బ్యాండ్ వేసి పెడితే కంపెనీ ప్యాకింగ్ చేసే పని అయిపోయినట్టే. డబ్బా మీద కొన్న నెల రాసిపెడితే ఇంకా మంచిది. పాతవి ముందు వాడటానికి అదొక్కటే ఆధారం.

కొత్తా పాతా కలిసిపోతే విడదీయడానికి ఒక మల్టీమీటర్ చాలు, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ఆల్కలైన్ కొత్తదైతే ఒకటిన్నర వోల్టు పైన చూపిస్తుంది, 1.2 దగ్గరకొచ్చిందంటే చివరికొచ్చినట్టు. రీచార్జబుల్ సెల్స్‌కి 1.2 మామూలే, దాన్ని చూసి పారేయకూడదు. సెల్‌ని నిలువుగా గట్టి బల్ల మీద వదిలితే కొత్తది నిలబడుతుంది, వాడింది ఎగురుతుంది అనే చిట్కా ఆల్కలైన్ వరకు కొంత నిజం. లోపలి జింక్ ఆక్సైడ్‌గా మారేకొద్దీ ఎగరడం పెరుగుతుంది. కానీ సగం వాడిన సెల్ కూడా బాగానే ఎగురుతుంది. కాబట్టి ఎగిరిందల్లా చచ్చినట్టు కాదు.

ఎందుకింత పట్టింపు అంటే, పాతదీ కొత్తదీ కలిపి ఒకే పరికరంలో వేస్తే బలహీనమైన సెల్ ముందే ఖాళీ అవుతుంది. బలంగా ఉన్నవి దాని గుండా కరెంటును ఇంకా తోస్తూనే ఉంటాయి. అప్పుడు లోపల హైడ్రోజన్ పుడుతుంది, ఒత్తిడి పెరిగి సీలు తెగుతుంది, రసం బయటికొస్తుంది. బొమ్మల్లో, బీపీ మిషన్లలో స్ప్రింగుల మీద కనిపించే తెల్లటి పెచ్చుకు ఇదొక ముఖ్య కారణం. ఆల్కలైన్ నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్. అది క్షారం, చర్మం మీద మండుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చేతికి తొడుగు వేసుకుని, దూది పుల్లను నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడవాలి. జింక్ కార్బన్ నుంచి కారేది ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి దానికి నీళ్లలో కలిపిన వంట సోడా సరిపోతుంది.

జింక్ కార్బన్ సెల్ కారడానికి దాని నిర్మాణమే కారణం. అందులో జింక్ డబ్బానే పాత్ర, అదే మైనస్. వాడేకొద్దీ ఆ పాత్ర గోడే కరిగిపోతూ ఉంటుంది. చివరికి చిల్లు పడుతుంది. ఊళ్లలో టార్చిలైటు వెలగనప్పుడు సెల్స్ తీసి ఎండలో పెట్టి మళ్లీ వేయడం పాత అలవాటు. కాసేపు వెలుగుతుంది కూడా. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, అంతే తప్ప కొత్తగా వచ్చిన శక్తి ఏమీ లేదు. గోడ పలచబడిన సెల్‌ని అలా ఇంకా పీల్చడం అంటే చిల్లుని పిలిచి తెచ్చుకోవడమే.

ఎండ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకో మాట. సెల్స్ గది ఉష్ణోగ్రతలో ఉంచడానికి తయారైనవి. 20 డిగ్రీల దగ్గర మంచి ఆల్కలైన్ సెల్ ఏడాదికి కోల్పోయేది 2, 3 శాతమే. వేడి పెరిగేకొద్దీ ఆ నష్టం, కారే అవకాశం రెండూ పెరుగుతాయి. బయట 45 డిగ్రీలు దాటే రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఎండలో ఆపిన కారు లోపల 60 దాటడం మామూలు. అందులో డ్యాష్‌బోర్డు మీద పవర్ బ్యాంక్ వదిలి వెళ్లడం తెలిసి చేసే తప్పు. అలాగని ఫ్రిజ్‌లో పెట్టడమూ అక్కర్లేదు. ఈ కాలపు సెల్స్‌కి దానివల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. బయటికి తీయగానే మీద పట్టే నీటి చెమ్మ వల్ల కొసలు తుప్పు పడతాయి. పొయ్యికీ కిటికీ ఎండకీ దూరంగా ఉన్న బీరువా అర చాలు.

కోస్తాలో నిల్వ అవసరం నిజంగానే ఉంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను సీజన్‌కి టార్చి, రేడియో, వాటికి సెల్స్ సిద్ధం చేసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. టార్చిలోనే సెల్స్ వేసి ఏడాదిపాటు అటక మీద పెడితే, అవి కారి అతుక్కుపోయి, అవసరం వచ్చిన రాత్రి అది తెరుచుకోకపోవచ్చు. ఇక్కడ గూడు సూత్రానికి మినహాయింపు: అరుదుగా వాడే పరికరం నుంచి సెల్స్ తీసేసి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో టార్చి పక్కనే ఉంచాలి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో మూత విషయంలో ఇంకాస్త పట్టింపు అవసరం.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వస్తువులకు జరిగే నష్టాలు, లేదంటే వేలికి తగిలే వేడి. గుండ్రటి లిథియం బిళ్లది వేరే కథ. సీఆర్ 2032 అనే పేరులోనే దాని కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. కారు తాళం, బరువు చూసే మిషన్, చిన్న రిమోట్లు, దీపావళికి కొనే కొన్ని ప్లాస్టిక్ ఎల్ఈడీ ప్రమిదలు, అన్నిటా ఇలాంటి బిళ్లలే. ఇంచుమించు ఇప్పటి రూపాయి బిళ్లంత ఉండే ఈ సైజు చిన్నపిల్లల ఆహారనాళంలో సరిగ్గా ఇరుక్కునే సైజు.

ఇరుక్కున్నాక జరిగేది విషం కారడం అనుకుంటారు చాలామంది. అసలు నష్టం కరెంటుతో మొదలవుతుంది. నాళం తడి గోడలు బిళ్ల ప్లస్, మైనస్ ముఖాల్ని కలిపేస్తాయి, 3 వోల్టులు ఆ తడిని విడగొడతాయి. మైనస్ వైపు హైడ్రాక్సైడ్ పోగవుతుంది, అంటే శరీరం లోపలే గాఢ క్షారం తయారవుతుంది. రెండు గంటల్లోనే తీవ్రమైన కాలిన గాయాలు కావచ్చు. అయిపోయిందని తీసేసిన బిళ్లకీ ఇది వర్తిస్తుంది. నీటిని విడగొట్టడానికి ఒకటిన్నర వోల్టు లోపే చాలు, కారు తాళానికి పనికిరాని బిళ్లలో తరచూ అంతకన్నా ఎక్కువే మిగిలి ఉంటుంది.

పిల్లలు మింగడం ఎవరూ చూడకపోతే లక్షణాలు మామూలు జలుబులా ఉంటాయి: చొంగ కారడం, తిండి వద్దనడం, దగ్గు, జ్వరం. ఎక్స్‌రేలో నాణెంలాగే కనిపించినా, అంచు దగ్గర రెండు వలయాలుంటే అది బ్యాటరీ అని డాక్టర్లు గుర్తిస్తారు. నాణెం మింగితే అరటిపండు తినిపించి దిగిపోతుందిలే అని చూసే అలవాటు మనకుంది. బిళ్ల బ్యాటరీ విషయంలో ఆ ఆలస్యం ప్రాణం మీదకి తెస్తుంది. వాంతి చేయించకూడదు, ఇంకేమీ తినిపించకూడదు, నేరుగా ఎండోస్కోపీ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఒక్క మినహాయింపు తేనె. మింగి 12 గంటలు దాటని, ఏడాది నిండిన పిల్లలైతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో ప్రతి 10 నిమిషాలకీ 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్ల వరకు ఇవ్వమని అమెరికాలోని నేషనల్ క్యాపిటల్ పాయిజన్ సెంటర్ చెబుతోంది. అది బిళ్ల మీద పూతలా పట్టి గాయం జోరు తగ్గిస్తుంది. తేనె కోసం ఆగి, బయల్దేరడం ఆలస్యం చేయకూడదు. ఏడాది లోపు పిల్లలకి తేనె పనికిరాదు.

అమెరికా 2022లో దీని మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. రీసెస్ లా అంటారు, ఇలాంటి బ్యాటరీ మింగి చనిపోయిన చిన్నారి పేరు మీద వచ్చింది. బిళ్ల ఉన్న గది మూతను పిల్లల చేతులు తెరవలేకుండా చేయాలి, బిళ్లలు పిల్లలు విప్పలేని ప్యాకింగ్‌లో అమ్మాలి. మన బజారులో చవక లైట్ల మూత గోటితో లాగినా ఊడుతుంది. అలాంటిది కొంటే మూత మీద టేపు చుట్టడం కొన్నవాళ్ల పనే. విడి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పడితే షార్ట్ కూడా అవుతాయి, ఎందుకంటే వాటి అంచు మొత్తం ప్లస్సే. ఒక్కోటీ రెండు టేపు ముక్కల మధ్య అతికించి, మందులు పెట్టే ఎత్తులో పెట్టాలి. సొరుగు వాటి చోటు కాదు.

మోటు టార్చీల్లో, పవర్ బ్యాంకుల్లో ఉండే 18650 లిథియం అయాన్ సెల్స్ గురించి తక్కువే చెప్పొచ్చు: విడిగా దాచుకోవద్దు. దాని డబ్బా మొత్తం మైనస్, పైనున్న పలచటి ప్లాస్టిక్ తొడుగు ఒక్కటే అడ్డు. ఆ తొడుగు చిరిగితే ప్లస్ అంచుకీ మైనస్ గోడకీ మధ్య దూరం చాలా స్వల్పం. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి సెల్స్ పోగేసేవాళ్లకి ఈ హెచ్చరిక తెలిసే ఉంటుంది, పాటించేది మాత్రం తక్కువ.

లిథియం విషయంలో కచ్చితమైన నియమాలున్నది విమానాల్లో. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్‌లో యూపీఎస్ సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. లిథియం బ్యాటరీలున్న సరుకులోనే మంటలు మొదలయ్యాయి. సామాను గదిలో చల్లే హాలాన్ వాయువు పైమంటను అణచగలదు కానీ, ఒక సెల్ వేడి పక్క సెల్‌ని రాజేసే వరసను ఆపలేదు. క్యాబిన్‌లో అయితే మనుషులు చూస్తారు, సిబ్బంది నీళ్లు పోసి చల్లార్చగలరు. విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చెకిన్ సూట్‌కేసులో వద్దు, చేతి సంచిలోనే తేవాలి అనడానికి కారణం ఇదే. మామూలు ఆల్కలైన్, నికెల్ సెల్స్‌ని అంతర్జాతీయ నియమాలు రెండుచోట్లా ఒప్పుకుంటాయి, కొసలు కప్పి ఉండాలంతే.

పవర్ బ్యాంక్ లెక్క తేలికే. ఎంఏహెచ్‌ని 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 20,000కి 74. అది 100 లోపు కాబట్టి సాధారణంగా ఇబ్బంది లేదు. 30,000 అయితే 111. 100 నుంచి 160 మధ్య ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి, అది దాటితే కుదరదు. మీద ఏ అంకే లేని, అక్షరాలు చెరిగిపోయిన పవర్ బ్యాంక్‌ని సెక్యూరిటీ వాళ్లు తీసుకుంటే వాదించి లాభం లేదు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయాక, పవర్ బ్యాంకులు నెత్తి మీది అరల్లో పెట్టకూడదని ఆ దేశం నియమం పెట్టింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఎమిరేట్స్ విమాన సంస్థ మనిషికి ఒక్కటే అంది, అదీ విమానంలో వాడకుండా. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లకి ఇది నేరుగా తగిలే నియమం.

తరచూ జరిగే పొరపాటు మాత్రం గేటు దగ్గర. పైన అరలు నిండిపోయాయని సిబ్బంది చేతి సంచిని అప్పటికప్పుడు ట్యాగు వేసి కిందికి పంపిస్తారు. హడావుడిలో అందులోని పవర్ బ్యాంక్, కెమెరా బ్యాటరీలు తీయడం గుర్తుండదు. అవన్నీ ముందే ఒక చిన్న సంచిలో, ఒక్కోటీ ఒక్కో కవరులో ఉంటే, ఆ సంచి లాగి భుజానికి వేసుకుంటే అయిపోతుంది.

అయిపోయిన సెల్స్ చెత్తబుట్టలోకి పోవడం ఇంకా మామూలే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే వాడేసిన బ్యాటరీలను ఇంట్లోని ప్రమాదకర చెత్త కింద లెక్కగట్టి విడిగా ఇవ్వాలన్నాయి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ప్యాకింగ్ మీద కనిపించే, అడ్డంగా గీత కొట్టిన చెత్తడబ్బా బొమ్మ దానికి గుర్తే. కాగితం మీద అన్నీ ఉన్నాయి కానీ, సెల్ అమ్మిన కిరాణా కొట్టు దాన్ని వెనక్కి తీసుకోవడం మన వీధుల్లో అరుదు. అందాకా చేయగలిగింది, అయిపోయినవాటికి వేరే ప్లాస్టిక్ డబ్బా పెట్టి, 9 వోల్టులవాటికీ లిథియం బిళ్లలకీ టేపు వేసి, నిండాక చెత్త ఆటోకి విడిగా చేతికివ్వడం, లేదా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి అప్పగించడం. ఉబ్బిన పవర్ బ్యాంక్ మాత్రం ఆ డబ్బాలో కూడా వేయకూడదు. దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకుండా, పొడవకుండా, బాల్కనీలో నీడన మట్టికుండలోనో ఇసుక మీదనో ఉంచి, ఈ-వేస్ట్ వాళ్లకి ఫలానాదని చెప్పి ఇవ్వాలి. చెత్త లారీలో అది నలిగితే అంటుకునేది ఆ ఒక్క పవర్ బ్యాంకే కాదు.